గాజుపెట్టెలో రొయ్యపిల్లలు

పొద్దటి నుంచి తట్టలకొద్దీ మట్టి మోసిన మనిషి మధ్యాహ్నం సద్ది తినకుండా కుక్కకు కుమ్మరిస్తే చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఎండదెబ్బ తగిలిందనే అనుకుంటారు. దొర బావిలో పూడిక తీయడానికి వచ్చిన కూలీలంతా యాదలక్ష్మి గురించి అదే అనుకున్నారు. ఆమె మాత్రం ఎవరినీ పట్టించుకోలేదు. ఖాళీ అయిన సత్తుగిన్నెను పట్టుకొని గబగబా మెట్లు దిగి, బావి అడుగున మిగిలిన మోకాలిలోతు నీళ్లలో ముంచింది. ఒకసారి కాదు, పదిసార్లు. గిన్నె పైకి తీసిన ప్రతిసారీ అందులోకి తొంగిచూసి కిలకిలా నవ్వింది. నలభై అయిదేళ్ల మనిషి!

“రొయ్యలే మారెమ్మా! నా కండ్లు మోసం జేస్తలెవ్వు గద? జర నువ్వు సూడు!”

తోటి కూలీ మారెమ్మ తట్ట దించి వంగి చూసింది. గిన్నెలో ఏడు రొయ్యలు, చిటికెన వేలంతేసి. నీళ్ల రంగే వాటి రంగు, కదిలితే తప్ప కనబడవు. మూడింటికి కడుపు కింద గుడ్లు గుత్తిగా అంటుకొని ఉన్నాయి.

“ఏడు రొయ్యలకు గింత లొల్లా? పులుసుకు గూడ సాలవు,” అంది మారెమ్మ.

“పులుసా! నీ నోట్ల మన్నువడ! మా చెరువుకు ఇత్తనమే ఇది!”

ఆ కేకలో ఎంత సంబరం ఉందో అర్థం కావాలంటే యాదలక్ష్మి బతుకు తెలియాలి. మోత్కూరుకు మూడు మైళ్ల దూరంలో ఉన్న ఆ పల్లెలో బెస్తవాడ మగవాళ్లు చెరువులో వలలు వేస్తారు, ఆడవాళ్లు గంపలెత్తుకొని అమ్ముతారు. చేపలు అందరూ అమ్మేవాళ్లే. రొయ్యలు మాత్రం ఇరవై ఏళ్లుగా యాదలక్ష్మివి. మోత్కూరు అంగడిలో ఆమె గొంతెత్తితే, ఆ చివర గాజులు వేయించుకుంటున్న ఆడవాళ్లు ఒక చేతికి వేయించుకొని రెండో చెయ్యి బోడిగానే లేచి వచ్చేవాళ్లట. ఇది ఆమె చెప్పిన మాట, కాస్త తగ్గించుకొని వినాలి. కానీ ఆమెకు రొయ్యల యాదలక్ష్మి అని పేరు పడ్డ మాట నిజం, ఆ పేరు వింటే ఆమె నడక మారిపోయేదన్న మాటా నిజం.

రెండేళ్ల కింద వానలకు చెరువు కట్ట తెగింది. చేపా రొయ్యా బురదతో సహా కొట్టుకుపోయాయి. ఆ వరదకు కింది చెరువులు కూడా వరసగా తెగిపోయాయి. సర్కారు కట్ట పోయించింది, చెరువు మళ్లీ నిండింది, బ్లాకాఫీసువాళ్లు చేపపిల్లలను తెచ్చి వదిలారు. రొయ్యల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదన్నాడు బెస్త సంఘం పెద్ద ఐలేశం. యాదలక్ష్మి మొగుడికి పెదనాయన కొడుకు, ఆమెకు బావ అవుతాడు.

“రొయ్యను ఎవడన్న మోసుకొస్తడా? మిరుగం వానల సినుకుతోని అదే పడ్తది. మా తాత జెప్పిండు,” అనేవాడు.

మృగశిర కార్తెను వాళ్లు మిరుగం అంటారు. రెండు మిరుగాలు వచ్చిపోయాయి. చినుకులు పడ్డాయి గానీ రొయ్యలు పడలేదు. యాదలక్ష్మి గంప మూలకు చేరింది, మట్టితట్ట నెత్తికెక్కింది. రొయ్య గుడ్లలోంచే పిల్లలు వస్తాయి, ఎక్కడినుంచైనా తెచ్చి వదలకపోతే మన చెరువులో ఇక రొయ్య ఉండదు అని ఆమె మొత్తుకుంటే ఐలేశం ఒక్క ప్రశ్నతో నోరు మూయించేవాడు. “గుడ్లు అందరం సూసినం. అండ్లకెంచి పిల్లలెల్లంగ సూసినోడెవడు?” నిజమే, ఎవరూ చూడలేదు. గుడ్డు రొయ్య కంటబడగానే పులుసులోకి పోతే ఎవడు మాత్రం ఏం చూస్తాడు!

మళ్లీ మిరుగం రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఈ బావిలో రేపు తోటాలు పెట్టి రాయి పేలుస్తారు. అంటే ఆ చుట్టుపక్కల మిగిలిన రొయ్యలు ఆమె గిన్నెలో ఉన్న ఏడే. అవి బతికి పిల్లల్ని పెడితే ఆమె మళ్లీ రొయ్యల యాదలక్ష్మి. లేకపోతే ప్రాణమున్నంతకాలం మట్టితట్టే.

గిన్నెను గుండెకు ఆనించుకొని, నీళ్లు తొణక్కుండా రెండు మైళ్లు నడిచి ఇల్లు చేరింది. మొగుడు జంగయ్య వాకిట్లో వల అల్లుతున్నాడు. మాటకు నిదానం, చేతికి చురుకు.

“ఓ అయ్యా! మోత్కూరు మిఠాయి దుకాణంల మూలకు పడేసిన అద్దాల పెట్టె ఉన్నది సూడు, అది గావాలె నాకు.”

“దుకాణం పెడ్తవా ఏందే?”

“రొయ్యల్ని పెడ్త. కుండల పెడితె ఎవడు సూడొస్తడు? అద్దంల పెడ్త. పిల్లలెల్లుతుంటె మీ అన్న తన కండ్లతోని సూడాలె!”

జంగయ్య వల పక్కన పెట్టి లేచాడు. పొద్దుగూకేలోపల పెట్టెను నెత్తిన పెట్టుకొని వచ్చాడు. మిఠాయి అతనికి రెండు పెద్ద బొచ్చె చేపలు ఒప్పుకొని తెచ్చానన్నాడు. ఒక పక్క అద్దం చీలి ఉంది. గుగ్గిలం నూనెలో కరిగించి ఆ చీలికకూ నాలుగు మూలలకూ పూసి ఆరబెట్టాడు. మర్నాడు నీళ్లు పోస్తే ఒక్క చుక్క కారలేదు. అడుగున ఇసుక, నాలుగు గులకరాళ్లు, చెరువు నాచు వేసి రొయ్యల్ని వదిలితే, అబ్బ, ఏం చూడముచ్చటగా ఉందో! ఇరవై ఏళ్లు రొయ్యలమ్మిన యాదలక్ష్మి రొయ్య నడవడం మొదటిసారి అప్పుడే చూసింది. అన్ని కాళ్లూ తడబడకుండా, మీసాలు ముందుకు చాపి, పెళ్లికి పోతున్నట్టు నడుస్తుంది. వాడంతా వచ్చి చూసి పోయింది.

ఇక వాటికి మర్యాదలు మొదలయ్యాయి. ఆ ఇంటి కోడలు నర్సింగమ్మ. కొడుకు సాగర్ డ్యాం పనికి పోయి అక్కడే ఉంటున్నాడు, నర్సింగమ్మ ఇక్కడ అత్తమామల దగ్గర ఉంది. పుట్టింటివాళ్లు పెళ్లికి ఆమెకు రాగిబిందె పెట్టారు. ఆ ఇంట్లో రాగి అనేది అదొక్కటే. రోజూ పొద్దున చింతపండు పెట్టి తోమి, మొహం కనబడేటట్టు చేసి నీళ్లు నింపి పెడుతుంది. రాగిబిందెలో నిలిచిన నీళ్లకంటే మంచినీళ్లు లేవని ఆ వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు.

“కడుపుతోని ఉన్నయి బిడ్డా, వాటికి కుండనీళ్లు వద్దు. నీ బిందెనీళ్లే పొయ్యి,” అని యాదలక్ష్మి చెప్పింది. నర్సింగమ్మ మురిసిపోయింది. రోజూ పొద్దున పెట్టెలోని సగం నీళ్లు ముంతతో తోడేసి, బిందెనీళ్లు మెల్లగా పోసేది.

రెండో రోజు లెక్కబెడితే ఆరే ఉన్నాయి. గుడ్ల రొయ్య ఒకటి మాయం. పిల్లి తిని ఉంటుందని తీర్మానించి యాదలక్ష్మి పిల్లిని చీపురు పట్టుకొని వీధి చివరిదాకా తరిమింది. మూడో రోజు రెండు రొయ్యలు పక్కకు ఒరిగి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాలుగో రోజు ఇంకొకటి. ఇంతమంది కళ్లు పడ్డాయి కదా, దిష్టి తగిలిందనుకొని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది, పెట్టెకు చీర కప్పింది. పాపం దప్పికగా ఉన్నాయేమోనని ఇంకో నాలుగు ముంతల బిందెనీళ్లు ఎక్కువ పోయించింది. ఆరో రోజుకు పెట్టెలో ఇసుకా నాచూ తప్ప ఏమీ మిగలలేదు.

ఐలేశం అటుగా పోతూ ఆగాడు. వెక్కిరింపుకు కాదు, మనిషి మంచివాడే. “ఫికర్ జెయ్యకు యాదలక్ష్మీ. మిరుగం వస్తాంది గద,” అన్నాడు. వెక్కిరించినా ఆమెకు అంత బాధ ఉండేది కాదు. బావిలో రాయి పేల్చేశారు. ఇంకెక్కడ వెతకాలి? ఆమె ఏడుపు ఆపుకోలేక, ఎవరూ చూడకుండా మొహం కడుక్కుందామని గోడవారగా ఉన్న రాతిగోళెం దగ్గరికి పోయింది. కాళ్లు కడుక్కోవడానికి చెరువునీళ్లు పోసి పెట్టే గోళెం అది, అంచుల నిండా నాచు. దోసిలి ముంచిందో లేదో, వేలికి ఏదో టప్పున తగిలి వెనక్కి దుంకింది.

యాదలక్ష్మి పెట్టిన కేకకు జంగయ్య చేతిలో వల జారిపడింది.

“ఉన్నది! సావలే! పిల్లి తినలే! దుంకి గోళెంల పడ్డది!”

గుడ్లతో సహా, నాచు మేస్తూ, హాయిగా ఉంది. పెట్టెలోంచి ఎగిరి, గోడవారగా పాక్కుంటూ వచ్చిందో, నర్సింగమ్మ నీళ్లు తోడిన ముంతలోంచి దుంకి పడిందో, దానికే తెలియాలి. ముగ్గురూ గోళెం చుట్టూ చేరి కూర్చున్నారు. కాళ్ల మురికి నీళ్లలో ఇది బతకడమేమిటి, మంచినీళ్లలో ఆరు చావడమేమిటి? అద్దం తేడానా? ఇసుకలో ఏమన్నా ఉందా?

జంగయ్య నిదానంగా, “ఆ బిందెనీళ్లు నేనైతె తాగ. నాలుకకు కిలుము తగుల్తది. కుండనీళ్లే తాగుత,” అన్నాడు. “నాకే గట్లుంటె, గింతంత పానం, దానికెట్లుంటదో.”

యాదలక్ష్మి లేచి నిలబడింది. కిలుము! రాగి గిన్నెలో మజ్జిగ పోస్తే విషమవుతుందని తన తల్లి చిన్నప్పుడు చెయ్యి పట్టుకొని ఆపిన సంగతి గుర్తొచ్చింది. రాగిలో మజ్జిగ మనిషికి ఎంతో, రాగిలో నీళ్లు రొయ్యకు అంత కావచ్చు కదా! గోళెంలోకి ఒక్కనాడూ బిందెనీళ్లు పోయలేదు. తేడా అదొక్కటే. మూలన ధగధగలాడుతున్న బిందె వైపు ముగ్గురూ చూశారు.

నర్సింగమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. “మా అవ్వోళ్లు పెట్టిన బిందె సంపిందా అత్తా?”

“బిందె గాదు బిడ్డా, నేను సంపిన. పొయ్యమన్నది నేను గద. ఆరు పానాలకు మర్యాద జేసి జేసి సంపిన,” అంది యాదలక్ష్మి. కోడలి తల నిమిరింది. తర్వాత తన తల మీద తానే టప్పున ఒకటి కొట్టుకుంది.

ఇప్పుడు ఉన్నది ఒక్క తల్లి. దాన్ని గోళెంలోనే ఉంచితే బతుకుతుంది, కానీ పిల్లలు పుట్టేది ఎవరూ చూడరు. చూపించకపోతే చెరువులో వాటికి ఎవరూ జాగా ఇవ్వరు, నాలుగు రోజుల్లో వలల్లో నలిగి పోతాయి. పెట్టెలోకి మారిస్తే ఏమవుతుందో తెలియదు. యాదలక్ష్మి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఆమెకు ఒక ఉపాయం తోచింది. పెట్టెను ఇసుకతో సహా ఖాళీ చేసి, చెరువునీళ్లతో ఏడుసార్లు కడిగి, ఎండబెట్టి, కొత్త ఇసుక పోసి, గోళెం నీళ్లూ గోళెం నాచూ నింపింది. ముందు రొయ్యను వేయలేదు. గోళెంలో గంతులేసే సన్నటి నీటిపురుగులను ముంతెడు వేసి అయిదు రోజులు చూసింది. ఆరో రోజు పురుగులు రెండింతలయ్యాయి. అప్పుడు ప్రాణం ఉగ్గబట్టుకొని తల్లిని వదిలింది. జంగయ్య పాత వలముక్క పైన బిగించాడు, మళ్లీ దుంకకుండా.

బతికింది! ఒకరోజు, రెండు రోజులు, వారం. పొట్ట కింది చిన్న కాళ్లతో గుడ్లకు విసనకర్ర విసిరినట్టు నీళ్లు విసురుతూనే ఉండేది, తిండి తింటున్నా ఆపేది కాదు. ముదురు ఆకుపచ్చగా ఉన్న గుడ్లు రోజురోజుకూ తేటపడ్డాయి. ఒక పొద్దున నర్సింగమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసి కెవ్వుమంది.

“అత్తా! గుడ్లల్ల కండ్లున్నయి! మనల్నే సూస్తున్నయి!”

ప్రతి గుడ్డులోనూ రెండు నల్లటి చుక్కలు. అత్తాకోడళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకొని గుండ్రంగా తిరిగారు. వాడ మళ్లీ కదిలివచ్చింది. ఒకామె బొరుగులు తెచ్చింది, ఇంకొకామె బెల్లం తెచ్చింది, రామమ్మ అనే ముసలామె శుభం కలగాలని చిటికెడు పసుపు వేయబోయింది. యాదలక్ష్మి ఆమె చెయ్యి గాలిలోనే పట్టుకుంది.

“నీ కాళ్లు మొక్కుత పెద్దమ్మా, ఏం ఎయ్యకు! గీటికి మన మర్యాదలు పడయి!”

మరి నాలుగు రోజులకు, ఎండ అప్పుడే వాకిట్లోకి వస్తున్న వేళ, పెట్టెలోకి తొంగిచూసిన యాదలక్ష్మికి ముందు నీళ్లలో నలక పడ్డట్టు అనిపించింది. నలక కదిలింది. పక్కన ఇంకొకటి. నాచు మీద పది, ఇసుక మీద ఇరవై, అద్దానికి అంటుకొని మరో పది. నువ్వుగింజలో సగం కూడా లేవు, అయినా మీసాలున్నాయి, కాళ్లున్నాయి, అచ్చం తల్లి పోలికే! జంగయ్య లెక్కబెట్టడం మొదలుపెట్టి నలభై దాటాక తప్పిపోయి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి, మళ్లీ తప్పిపోయాడు. నర్సింగమ్మ కొంగు బిగించి ఐలేశం ఇంటికి ఉరికింది.

ఐలేశం వచ్చాడు. వెనక వాడలో సగం మంది వచ్చారు. భుజం మీది తువ్వాల సర్దుకొని, పెట్టె ముందు గొంతు కూర్చొని, కళ్లు చికిలించి చూశాడు.

“దోమ పురుగులు,” అన్నాడు.

యాదలక్ష్మి ఒక చీపురుపుల్ల తీసి నీళ్లలో ముంచింది. ఇసుక మీద నడుస్తున్న ఒక పిల్ల ముందుకు మెల్లగా జరిపింది. పుల్ల మీసానికి తగిలిన క్షణంలో ఆ పిల్ల తోక ముడిచి బెత్తెడు దూరం వెనక్కి దుంకింది.

“దోమ పురుగు ఎనుకకు దుంకుతదా బావా?”

ఐలేశం పుల్ల అడిగి తీసుకొని తనే ముంచాడు. ఇంకొక పిల్ల వెనక్కి దుంకింది. మరొకటి. యాభై ఏళ్లుగా రొయ్యలు పట్టిన చెయ్యి అది. వెనక్కి దుంకేది ఏమిటో ఆ చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా ఎంతసేపు చూశాడో, చూసి చూసి లేచి, గుమ్మం బయటికి పోయి, చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చాడు.

“మా తాత అబద్ధమాడలే,” అన్నాడు మెల్లగా. “సూడలే, అంతే.” మళ్లీ పెట్టె ముందు కూర్చున్నాడు. “తల్లి గీటిని తినదా? జర పక్కకు దియ్యరాదూ?”

యాదలక్ష్మికి అంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అందరూ చూస్తుండగానే ఏడ్చింది, నవ్వింది.

మిరుగం నాటికి పిల్లలు వడ్లగింజను దాటి వేలిగోరంత అయ్యాయి. యాభై నాలుగు మిగిలాయి. తూము పక్క నాచు దట్టంగా ఉన్న మూలలో ఐలేశం దగ్గరుండి తుమ్మకంప కొట్టించి అడ్డం వేయించాడు, చేపలు చొరబడకుండా. ఆ మూలలో వల వేసినవాడికి సంఘంలో చోటుండదన్నాడు. యాదలక్ష్మి పెట్టెను నీళ్లలో ముంచి మెల్లగా వంచింది. తల్లితో సహా అన్నీ నాచులోకి జారిపోయాయి. ఎంత పెద్ద చెరువు! యాభై అయిదు ప్రాణాలు ఎక్కడ పోయాయో ఎవరికీ కనిపించలేదు.

వానకాలమంతా ఆమె రోజూ పోయి చూసేది. ఏమీ కనబడేది కాదు. పొలాల్లో నాట్లకు పోయింది, కలుపుకు పోయింది, కోతలకు పోయింది. దసరా పోయింది. అడిగినవాళ్లకు “ఉన్నయి, ఉన్నయి” అనేది గానీ లోపల బెదురు రోజురోజుకూ పెరిగింది. చేపలు తినేశాయేమో. కొంగలు తినేశాయేమో.

కార్తీకంలో ఒకనాటి పొద్దున ఆమె వాకిలి ఊడుస్తుంటే వీధిలో కేకలు వినిపించాయి. ఐలేశం! మోకాళ్లదాకా బురద, తువ్వాల ఎక్కడో పడిపోయింది, దోసిలి ముందుకు పట్టుకొని పరుగెత్తి వస్తున్నాడు. అరవై ఏళ్ల సంఘం పెద్ద అలా పరుగెత్తడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

“గుడ్డున్నది యాదలక్ష్మీ! కడుపు నిండ గుడ్డున్నది!”

దోసిట్లో మూడు చుక్కల నీళ్లు, ఆ నీళ్లలో ఒక రొయ్య. చిటికెన వేలంత. కడుపు కింద ముదురాకుపచ్చ గుత్తి. తన ఇంట్లో, తన కళ్లముందు నలకలా పుట్టినది. యాదలక్ష్మి చేతిలో చీపురు కింద పడింది. ఒక్క క్షణం మాత్రం నోరు తెరుచుకొని చూసింది. మరుక్షణం ఆ తెరిచిన నోటితోనే అందుకుంది.

“కడుపుతోని ఉన్నదాన్ని నీళ్లల్లకెంచి దీసి గింత దూరం ఉరికిచ్చుకొస్తవా! బుద్ధున్నదా బావా నీకు? నడువు! ఎనుకకు నడువు!”

అందరూ ఎదురు చెప్పడానికి జంకే ఐలేశం వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు. యాదలక్ష్మి కుండలోంచి ముంతెడు నీళ్లు ముంచుకొని, అతని పక్కనే పరుగెత్తుతూ దోసిట్లో పోస్తూ పోయింది. “ఏండ్లొచ్చినయి గని చేతి ఏళ్లు దగ్గరికి వట్టొస్తలేదు! నీళ్లు కారుతున్నయి సూడు!” అని తిడుతూనే ఉంది.

చెరువు ఒడ్డుకు చేరాక ఐలేశం ఆగి, రొప్పుతూ, దోసిలి ఆమె ముందుకు చాచాడు. “నువ్వే ఇడువు.”

ఆమె రెండు చేతులా అందుకొని, చీర తడుస్తున్నా చూసుకోకుండా నాచులోకి నడిచి, వంగి నీళ్లలో వదిలింది. రొయ్య ఒక్క క్షణం ఆమె వేలిని పట్టుకొని ఉండి, తోక ముడిచి వెనక్కి దుంకింది. అది పోయి తగిలినచోట నాచు అదిరింది. పక్కన ఇంకొకచోట అదిరింది. ఆ పక్కన పదిచోట్ల, తూముదాకా ఇరవైచోట్ల, టపటపా, టపటపా. యాదలక్ష్మి లెక్కబెట్టబోయింది, చేతకాలేదు. మోకాలిలోతు నీళ్లలో అలాగే కూలబడి పగలబడి నవ్వింది.